నాచారం గిర్ని మీద స్కాట్లండ్ పాటలు

స్కాట్లండ్ పాటలు నేర్చుకోవడానికి నేను నాచారం వెళ్ళాను. తెనాలిలో ఈ మాట ఎవరితో అన్నా ముందు నా మొహం చూసి, తర్వాత మా ఆయన మొహం చూస్తున్నారు, ఈవిడకేమైనా అయిందా అన్నట్టు. ఏమీ కాలేదు. ఆ దేశం ఎక్కడుందో పటంలో చూపించమంటే ఇంగ్లండు మీద వేలు పెట్టి, ఇంకాస్త పైకి అనగలను, అంతే. విమానం ఎక్కలేదు, మంచు చూడలేదు. మా వదిన వాళ్ళింట్లో వారం రోజులుండి, ఉప్పల్ చుట్టుపక్కల తిరిగి వచ్చాను. అయినా దీన్ని యాత్ర అనే అంటాను. కాశీ వెళ్ళొచ్చిన మా పిన్ని కంటే నేనేమీ తక్కువ తెచ్చుకోలేదు.

ముందు నా వేలి సంగతి చెప్పాలి. ముప్ఫై ఏళ్ళుగా మాండలిన్ వాయిస్తున్నాను, పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. రెండేళ్ళ కిందట మా ఇంటి ఇనప గేటు గాలికి విసురుగా వచ్చి కొట్టుకుని ఎడమచేతి ఉంగరపు వేలు నలిగిపోయింది. ఎముక అతికింది గానీ వేలు వంగదు. కర్ణాటక సంగీతంలో స్వరం ఒకచోట కుదురుగా కూర్చోదు. తీగ మీద వేలు జార్చాలి, ఊపాలి, లాగాలి. ఆ చాకిరీ ఎక్కువగా నా ఉంగరపు వేలే చేసేది. కచేరీలు మానేశాను. కొన్నాళ్ళు పిల్లలకు నోటితో పాడి చెబుతూ నెట్టుకొచ్చాను. అసలే నా నోరు మంచిది కాదు, దానికి ఈ చిరాకు తోడైంది. టీచరుగారు వాయించరు, తిడతారంతే అని ఒక పిల్ల వాళ్ళమ్మతో చెప్పిందట. అబద్ధం కాదు గనక కోపం కూడా రాలేదు. పిల్లలు ఒక్కొక్కరే మానేశారు, మాండలిన్ బీరువా మీదికెక్కింది.

అలాంటి రోజుల్లో మా వదిన ఫోను చేసింది. సుజాత వదిన అంటే మా అన్నయ్య భార్య. అన్నయ్య తార్నాక దగ్గర ఒక పరిశోధనశాలలో పనిచేసి రిటైరయ్యాడు, ఇల్లు నాచారంలో కట్టుకున్నారు. వదిన గోధుమలు పట్టించడానికి వెళ్ళే గిర్ని పైగదిలో ఎవరో మిలిటరీ ఆయన మాండలిన్ మీద బ్యాండు పాటలు వాయిస్తాడట. అవి స్కాట్లండ్ దేశం పాటలట, ఆదివారాలు నలుగురూ చేరి కలిసి వాయిస్తారట. ఆ పాటల్లో జార్చడాలు, ఊపడాలు ఉండవని ఆయనే చెప్పాడట. "నీ వేలికి సరిపోతుందేమో శారదా, ఒకసారి వచ్చి చూడరాదూ" అంది వదిన. నాకు ఏడుపొచ్చింది, ఒళ్ళు కూడా మండింది. ముప్ఫై ఏళ్ళు రాగాలు వాయించిన దాన్ని బ్యాండు పాటలకు దిగాలా అనిపించింది. నాలుగు రోజులు ఆలోచించి, మాండలిన్ దించి దుమ్ము దులిపాను. ఇది కూడా చేతకాకపోతే వాయిద్యం ఎవరికైనా ఇచ్చేసి, ఇక ఆ ఊసే ఎత్తకూడదని గట్టిగా అనుకుని బయల్దేరాను.

నాచారం

గిర్ని అంటే మనం పిండిమర అంటామే, అది. మిరపకాయల ఘాటు, గోధుమపిండి కమ్మదనం కలిసి ఆ వీధి మొదట్లోనే ముక్కుకు తగులుతాయి. గిర్ని నడిపేది సత్తెమ్మ. కనుబొమ్మలు కూడా తెల్లగా పిండితో ఉంటాయి ఆవిడకి. పై గదిలో వాయించేది ఆవిడ భర్త యాదగిరి. వీళ్ళది తరాలుగా నాచారమే. పొలాలు ఫ్యాక్టరీల కింద, ఇళ్ళ కింద పోయాయి, గిర్ని మిగిలింది. యాదగిరి పద్దెనిమిదేళ్ళకే పటాలంలో చేరి, అక్కడి పైపు బ్యాండులో ఇరవై ఏళ్ళ పైచిలుకు పైపు ఊదాడు. చంకలో సంచి పెట్టుకుని ఊదుతారే, ఆ వాయిద్యం. మన పటాలాల్లో ఆ బ్యాండులు ఇంగ్లీషువాళ్ళ కాలం నుంచీ ఉన్నాయి, పాటలు కూడా అప్పటివే చాలామటుకు. ఊపిరితిత్తుల్లో జబ్బు చేసి, డాక్టర్లు ఇక ఊదొద్దన్నాక ఆయన ఆ పాటలన్నీ మాండలిన్ మీదికి తెచ్చుకున్నాడు.

నేను వెళ్ళగానే అలవాటు ప్రకారం తాంబూలం, పళ్ళు ఆయన ముందు పెట్టి, కాళ్ళకు దణ్ణం పెట్టబోయాను. ఆయన రెండడుగులు వెనక్కి గెంతాడు. గురువుగారూ అన్నాను. గురువు లేదు, ఏం లేదు, బ్యాండుల అందరు ఒక్కటే అన్నాడు. నన్ను మాత్రం మేడం అన్నాడు.

నా ఐదు తీగల కరెంటు మాండలిన్ పక్కన పెట్టించి, వాళ్ళ ఎనిమిది తీగల మాండలిన్ ఒకటి చేతికిచ్చాడు. తీగలు జంటలు జంటలుగా ఉంటాయి. శ్రుతి ఎలా చేస్తారని అడిగితే మెట్ల మీంచి కిందికి కేకేశాడు. సత్తెమ్మ మోటారు వేసింది. గదంతా గుంయ్‌మని మోగింది. ఆయన ఆ మోతకే తీగలు సరిచేశాడు. కరెంటు పోతే ఏం చేస్తారన్నాను. పాట కొంచెం దిగుతది అన్నాడు, ఇదేం పెద్ద సంగతా అన్నట్టు.

మధ్యాహ్నం సత్తెమ్మ వదలకుండా భోజనం పెట్టింది. జొన్నరొట్టె, పచ్చిపులుసు. మనవైపు చారు కాయకపోతే వంట అయినట్టే కాదు. వీళ్ళు చింతపండు రసంలో ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ పిసికి, పొయ్యి ఎక్కించకుండానే తినేస్తారు. మొదటి ముద్దకు అనుమానించాను, మూడో ముద్దకు గిన్నె నా వైపు జరుపుకున్నాను. వదిన ఇరవై ఏళ్ళుగా అక్కడుండి ఒక్కసారి కూడా చెయ్యలేదు ఇది. ఇంటికెళ్ళి ఆ మాట అంటే, నువ్వు వచ్చింది పాటలకా పచ్చిపులుసుకా అంది.

ఇద్దరం ఎదురుచూశాం

ఇప్పుడు మా ఇద్దరి తెలివితక్కువతనం గురించి చెప్పాలి.

భోజనాలయ్యాక ఆయన ఒక నెమ్మదైన మార్చ్, అంటే సిపాయిలు అడుగు కలిపి నడిచే పాట, మొదలుపెట్టాడు. రెండు చిన్న భాగాలు, అంతే. అయిపోగానే మళ్ళీ మొదటికొచ్చాడు. మళ్ళీ, మళ్ళీ. నేను మాండలిన్ ఒళ్ళో పెట్టుకుని, తలవంచుకుని, చేతులు కట్టుకుని విన్నాను. మన పద్ధతి అదే కదా. గురువు వాయిస్తుంటే శిష్యురాలు కిక్కురుమనకూడదు. ఆయన ఆపి, ఊఁ అన్నాక మనం అనాలి. మా మాస్టారు వాయించేటప్పుడు నేను ఒకసారి తీగ తగిలించినందుకు వారం రోజులు పాఠం చెప్పలేదు. అందుకని ఈయన ఎప్పుడు ఆపుతాడా అని చూస్తూ కూర్చున్నాను. ఆయన ఆపడే. సాయంత్రమయ్యేదాకా అదే పాట. ఎంత ఓపిక ఈయనకి, నన్ను పరీక్షిస్తున్నాడు కాబోలు అనుకుని ఇంకా ఒద్దికగా కూర్చున్నాను.

మర్నాడూ అదే వరస. ఆయన వాయించీ వాయించీ దగ్గు తెచ్చుకున్నాడు. నేను కూర్చునీ కూర్చునీ నడుం నొప్పి తెచ్చుకున్నాను. మధ్యలో ఒకసారి ఆయన నా వైపు ఆశగా చూశాడు. శ్రద్ధగా వింటున్నానని చెప్పడానికి నేను ఇంకా కిందికి తలవంచాను.

పన్నెండింటికి సత్తెమ్మ పిండి చేతులతోనే పైకొచ్చింది. గడపలో నిలబడి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"నువ్వేమో ఆపుతలేవు, ఆమెనేమో అందుకుంటలేదు," అంది మొగుడితో. "నీ పాటలు మేడంకు నచ్చలేదని రాత్రి నాతోటి అంటివి గద. గా మాట ఆమెనే అడుగు. లేకుంటె ఆదివారం దాంక మీరిద్దరు గిట్లనే కూసుంటరు."

అప్పుడు తెలిసింది. వాళ్ళ పద్ధతిలో ఎవరూ ఆపి చెప్పరట. పాట తిరుగుతూనే ఉంటుంది. రానివాళ్ళు పక్కన కూర్చుని, దొరికిన స్వరం దొరికినట్టు మెల్లగా కలుపుతూ పోవాలి. మొదటి తిప్పుకు నాలుగు స్వరాలు దొరుకుతాయి, పదో తిప్పుకు పాటంతా చేతికొస్తుంది. ఆయన నాకోసం రెండు రోజులు పాట తిప్పుతూ నేను ఎక్కడ అందుకుంటానా అని చూశాడు. నేను ఆయన ఎక్కడ ఆపుతాడా అని చూశాను. నేను క్షమించమని అడిగాను, ఆయనా అడిగాడు. సత్తెమ్మ మాత్రం ఎవర్నీ క్షమించలేదు. తెలిసినోళ్ళని పేరే గాని అడిగేటందుకు నోరు లేదు అని తిట్టుకుంటూ కిందికి పోయింది.

ఆ మధ్యాహ్నం కలిపాను. గురువు వాయిస్తుండగా నేను వాయించడం! నిజంగా ఏదో పాపం చేస్తున్నట్టే ఉంది. చూపుడు వేలితో, మధ్యవేలితో అందినవి పట్టుకున్నాను. ఉంగరపు వేలు పడాల్సిన చోట స్వరం మింగేసి ముందుకు పోయాను. ఆ చెయ్యి ఆయనకి కనపడకుండా మాండలిన్‌ని కాస్త అటు తిప్పి పెట్టుకున్నాను. వేలి సంగతి నేను చెప్పలేదు. అయ్యో అనిపించుకోవడం నాకు చచ్చేంత కష్టం. వదినని కూడా ఆయన దగ్గర ఆ మాట ఎత్తొద్దని గట్టిగా చెప్పాను.

ఉప్పల్

గురువారం తీగలు కొందామని, సరిచూసుకోవడానికి మాండలిన్ కూడా పట్టుకుని, ఉప్పల్ బయల్దేరాం నేనూ వదినా. హబ్సిగూడలో మెట్రో ఎక్కాలి. ఆ రోజు స్టేడియంలో క్రికెట్ మ్యాచ్ ఉందని మాకెవరు చెబుతారు? స్టేషన్ నిండా ఒకే రంగు బనీన్లు, బుగ్గల మీద రంగులు. కుటుంబాలకు కుటుంబాలు, చంటిపిల్లకి కూడా మూరెడు బనీను తొడిగారు. తెనాలిలో తిరునాళ్ళకి కూడా ఇంత సంబరంగా తయారవ్వరు.

పెట్టెలు పరీక్ష చేసే యంత్రం దగ్గర మాండలిన్ పెట్టె ఆపారు. సెక్యూరిటీ ఆవిడ తెరవమంది. గిటారా అని అడిగింది. మాండలిన్ అన్నాను.

"మీరు వాయిస్తరా?"

"ఒకప్పుడు వాయించేదాన్ని."

"మరి ఇప్పుడెందుకు మోస్తున్రు?"

ఎగతాళి కాదు, మామూలుగానే అడిగింది. వెనక జనం తోస్తున్నారు, ఆవిడ పెట్టె మూసి నన్ను పంపేసింది. నాకు తిక్క రేగింది. నా పెట్టె, నా ఇష్టం, నీకెందుకమ్మా అని గొణుక్కుంటూ రైలెక్కాను. వదిన ఏమిటి ఏమిటి అంటోంది. చెప్పలేదు. స్టేడియం స్టేషన్లో రైలంతా ఒక్క కేకతో దిగిపోయి, బోగీలో నేనూ వదినా ఆ పెట్టే మిగిలాం. ఆవిడ అడిగినదాంట్లో తప్పేముందని అప్పుడనిపించింది.

ఉప్పల్ చౌరస్తా అంటే ఒక ఊరు కాదు, పది ఊళ్ళు వచ్చి ఒకదాన్నొకటి తోసుకుంటున్నట్టుంటుంది. వరంగల్ బస్సులు, గుట్ట మీది గుడికి పోయే బస్సులు, షేర్ ఆటోలవాళ్ళ పిలుపులు. మాండలిన్ తీగలు దొరకలేదు. నాలుగు దుకాణాలు తిరిగితే మూడుచోట్ల గిటారు తీగలు చూపించారు, నాలుగోచోట సైకిలు బ్రేకు తీగ చూపించాడు మహానుభావుడు. ఇరానీ హోటల్లో చాయ్ తాగాం, కప్పు ఇరవై రూపాయలు. మన అల్లం టీలా గొంతు పట్టుకోదు, పాలు బాగా మరిగి జున్నులా చిక్కగా ఉంటుంది. ఎదురుబల్ల దగ్గర బోడుప్పల్‌లో ప్లాటు కొన్న ముసలాయన, అమ్మేసిన ముసలాయన, ఇద్దరూ ఒకే బిస్కట్ల ప్లేటులోంచి తింటూ ఎవరు మోసపోయారో తేల్చుకుంటున్నారు. మేం లేచేసరికి కూడా తేలలేదు.

సైనిక్‌పురి

శుక్రవారం ఉదయం యాదగిరి గారు స్కూటరు తీశాడు. నీకొకటి వినిపియ్యాలె మేడం, కూసో అన్నాడు. సైనిక్‌పురిలో ఆయన బ్యాండు సహచరుడు గోవింద్ ఉంటాడు. ఈయనకంటే నాలుగేళ్ళు చిన్నవాడు, ఇప్పటికీ ఊదగలడు. ఆ కాలనీ నాచారంలాంటిది కాదు. గీత గీసినట్టు వీధులు, గేటు గేటుకీ పేరు, పేరు ముందు హోదా. కుక్కలు కూడా క్రమశిక్షణతో మొరుగుతాయి.

గోవింద్ పైపు తెచ్చి సంచిలోకి గాలి నింపాడు. ముందు పెద్ద గొట్టాలు మూడూ శ్రుతి అందుకున్నాయి. వరండా కిటికీలు అదిరాయి. ఆపైన పాట వచ్చింది. నాకు రెండు రోజులుగా వేళ్ళ మీద నలుగుతున్న అదే మార్చ్. ఆ స్వరాలు వింటే మన హరికాంభోజి రాగం లీలగా తోస్తుంది గానీ ఊగులాట ఏమీ లేదు. ప్రతి స్వరం నిటారుగా నిలబడి ఉంది. నేను గమనించింది ఇంకొకటి. ఆయన ఊపిరి పీల్చుకోవడానికి నోరు తీసినా పాట ఆగలేదు. చంకతో సంచి నొక్కుతున్నాడు, గాలి వస్తూనే ఉంది. ఆ వాయిద్యానికి ఆగడమన్నది లేదు. ఒకే స్వరం రెండుసార్లు కావాలన్నా మధ్యలో నిశ్శబ్దం కుదరదు, ఇంకో వేలిని చటుక్కున ఎత్తి దించి విడదీస్తారు. ఆగని వాయిద్యం మీద పెరిగిన మనిషి నాకోసం ఆగుతాడని రెండు రోజులు కూర్చున్నానన్నమాట.

గోవింద్ భార్య పోహా, అదే అటుకుల ఉప్మా, పెట్టింది. తింటుండగా యాదగిరి గారు నా చేతి వైపు చూడకుండానే అడిగాడు.

"గా వేలు ఎప్పటి సంది వంగుతలేదు?"

పళ్ళెం పక్కన పెట్టాను. మీకెవరు చెప్పారన్నాను. ఎవరూ చెప్పలేదట. పైపోళ్ళం మొదలు మనిషి మొఖం సూడం, వేళ్ళు సూస్తం అన్నాడు. మొదటి రోజు మాండలిన్ అందుకున్నప్పుడే చూశాడట. నేనంతట నేను చెబుతానని ఊరుకున్నాడు. రెండేళ్ళుగా దాచిన కుళ్ళంతా అక్కడే కక్కేశాను, గేటు, ఎముక, కచేరీలు, పిల్లలు, బీరువా, అన్నీ. ఇది కూడా రాకపోతే మాండలిన్ ఎవరికైనా ఇచ్చేస్తానని కూడా చెప్పాను. అంత ఏడుపు తెలియని వాళ్ళింటి వరండాలో ఏడవడం నాకదే మొదలు. గోవింద్ దంపతులు మర్యాదగా పెరట్లోకెళ్ళి మొక్కలకు నీళ్ళు పోస్తున్నారు, అప్పటికే తడిగా ఉన్న మొక్కలకు.

యాదగిరి గారు అయ్యో అనలేదు. నా ఎడమచెయ్యి తీసుకుని, చిటికెన వేలు పట్టుకుని అటూ ఇటూ వంచాడు.

"ఇది ఇన్నేండ్లు ఏం పని జేసింది చెల్లె?"

ఏమీ చెయ్యలేదు. మా బాణీలో దానికి పనిలేదు, ఊరికే పక్కన నిలబడి చూసేది.

"మా దాంట్ల చిటికెన వేలుకు గూడ డ్యూటీ ఉంటది. లీవుల ఉన్నోన్ని వదిలిపెట్టు. దీన్ని డ్యూటీకి పంపు."

మేడం పోయి చెల్లె అయ్యాను. అది ఇంటికొచ్చాక గాని గుర్తుకు రాలేదు.

శనివారమంతా

అలాంటి శనివారం పగవాళ్ళకి కూడా వద్దు. ముప్ఫై ఏళ్ళు ఖాళీగా ఉన్న వేలికి ఒక్కరోజులో ఉద్యోగం ఇస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. చిటికెన వేలికి బలం లేదు, జంట తీగల్లో ఒకటి నొక్కితే రెండోది తప్పించుకుంటోంది. స్వరం బదులు టప్ మని చప్పుడు. పదిసార్లకు ఒకసారి పలికేది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆయన పాట తిప్పుతూనే ఉన్నాడు, నేను కలుపుతూనే ఉన్నాను. వేలి కొన బొబ్బెక్కింది. సత్తెమ్మ పసుపు, నూనె రాసి, పట్టినంత పిండి చాలు, గిర్నికి గూడ గంట సేపు ఆరాం ఇస్తం అంది. సర్వపిండి చేసి పెట్టింది. బియ్యప్పిండిలో వేరుశనగలు, నువ్వులు కలిపి గిన్నె అడుగున కాలుస్తారు. మన దిబ్బరొట్టెకు పెదనాన్న కూతురనుకోండి. పంటి కింద కరకరలాడుతుంటే నా బొబ్బ మర్చిపోయాను.

నాలుగింటికి అనుకుంటాను, పాట ఒక తిప్పు పూర్తిగా వచ్చింది. ఒక్క స్వరం కూడా మింగలేదు. నేను గమనించనే లేదు. యాదగిరి గారు వాయిస్తూనే కనుబొమ్మలు ఎగరేశాడు, అప్పుడు తెలిసింది. ఆగి ఏడుద్దామనుకున్నాను గానీ పాట ఆగలేదుగా, ఇంకో తిప్పు వాయించాను.

ఆదివారం

ఆదివారం పగలు మూడింటికి గిర్ని పైగది నిండింది. తొమ్మిదిమందిమి. మౌలాలి నుంచి రైల్వేలో పనిచేసే జాన్సన్ వయొలిన్‌తో వచ్చాడు. చర్చిలో వాయిస్తాడు, మనిషి మహా హుషారు. గోవింద్ పైపు తేలేదు, తెస్తే గది పేలుతుందని చిన్న పిల్లనగ్రోవిలాంటిది తెచ్చాడు. మిగతావాళ్ళు గిటార్లు, మాండలిన్లు. గుండ్రంగా కూర్చున్నారు. వేదిక లేదు, ముందు వరస లేదు. ఒకరు మొదలుపెడతారు, తెలిసినవాళ్ళు కలుస్తారు, మూడుసార్లు తిప్పి ఇంకో పాటలోకి దూకుతారు. ఎవరూ చప్పట్లు కొట్టరు, అందరి చేతులూ వాయిద్యాల మీదే ఉంటాయి కనక. మా సభల్లో వాయించేది ఒకరు, తల ఊపేది వందమంది. ఇక్కడ వినడానికి సత్తెమ్మా వదినా తప్ప ఎవరూ లేరు, వదిన కూడా సంచీలో గోధుమలు తెచ్చుకుంది.

ఆ పాటల పేర్లు కూడా తమాషాగా ఉన్నాయి. రాగం పేరు, తాళం పేరు ఉండవు. ఫలానా కెప్టెన్ ఫలానా ఊరు వదిలినప్పుడు, ఫలానా పెద్దమ్మగారి ముసలి గుర్రం, అలా ఉంటాయి. ఎవరో ఎవరికోసమో కట్టి ఆ పేరు పెట్టేస్తారట.

జాన్సన్ నన్ను మార్చ్ మొదలుపెట్టమన్నాడు. మొదలుపెట్టాను. నాలుగు స్వరాలు ఒంటరిగా వినిపించాయి, ఐదో స్వరానికి తొమ్మిదిమందీ ఉన్నారు. ఆ మోత వీపుకు తగిలింది. చిటికెన వేలు రెండుసార్లు తప్పింది, ఆ చప్పుళ్ళు ఎవరికీ వినపడలేదు, పక్కవాళ్ళు ఆ స్వరాలు వాయించేశారు. మూడు తిప్పులూ పూర్తయ్యాయి. రెండేళ్ళ తర్వాత నలుగురిలో వాయించాను. ఎదురుగా వదిన కళ్ళు తుడుచుకుంటోంది.

తర్వాత యాదగిరి గారు నా వైపు తిరిగాడు. కొత్తగా వచ్చినవాళ్ళు ఒక పాట పట్టుకుపోతే, ఒక పాట పెట్టిపోవాలట. "మీ దిక్కుది ఒకటియ్యి చెల్లె."

నా దగ్గర ఏముంది? నాకు తెలిసినవన్నీ గమకాలతో నిండినవి, ఈ వేళ్ళతో పలకవు. నాకు రావని చెబుదామని నోరు తెరిచాను. అప్పుడు వేళ్ళకే తోచింది. జంటవరుసలు. స స రి రి గ గ మ మ. మనవైపు సంగీతంలో చేరిన ప్రతి పిల్లా మొదటి నెలల్లో నేర్చుకునే పాఠం. ఒక్కో స్వరం రెండేసిసార్లు, రెండోదానికి చిన్న విదిలింపు. కచేరీ చేసిన మనిషి నలుగురిలో ఇది వాయిస్తే నవ్విపోతారు. చూపుడు వేలు, మధ్యవేలు, చిటికెన వేలు పెట్టి వాయించాను.

యాదగిరి గారి మొహం వెలిగిపోయింది. ఇది మా పాఠమే కదా అన్నాడు. పైపు నేర్చుకునేవాడు కూడా మొదట ఇదే చేస్తాడట, ఒకే స్వరం రెండుసార్లు, మధ్యలో వేలితో చిన్న విదిలింపు. గోవింద్ అవునవునని తల ఊపాడు. రెండో తిప్పుకు ఇద్దరు కలిశారు, నాలుగో తిప్పుకు అందరూ. జాన్సన్ వేగం పెంచాడు. పెంచీ పెంచీ దాన్ని గంతులేసే పాట చేసి పారేశారు. మా మాస్టారు చూస్తే ఏమయ్యేవారో గానీ, సత్తెమ్మ మాత్రం కాలు ఆడించింది.

ఒక్కటే ఇబ్బంది. మన ఆ పాఠంలో రి చాలా కింద, స పక్కనే ఆనుకుని ఉంటుంది. పైపు మీద అసలు ఆ స్వరమే లేదు. వీళ్ళ చెవులు దాన్ని ఒప్పుకోవు. నేను ఎంత కింద వాయించినా మిగతా ఎనిమిదిమందీ కలిసి రిని పైకి ఈడ్చుకెళ్తున్నారు. నాలోని పంతులమ్మ లేచింది. ఆపండి ఆపండి అని అరిచాను. ఎవరాపుతారు! యాదగిరి గారు నవ్వుతూ ఇంకో తిప్పు తిప్పాడు.

అయిపోయాక ఆయన చేతిపుస్తకం తీశాడు. పాటల పేర్లు వరసగా రాసుకున్న పుస్తకం అది. దీని పేరేమిటని అడిగాడు. జంటవరుసలన్నాను. అది పేరెట్లయితది అన్నాడు. కొంచెంసేపు పెన్ను పట్టుకుని ఆలోచించి, నన్ను అడక్కుండానే రాసి, పుస్తకం నా వైపు తిప్పాడు. పెద్ద పెద్ద తెలుగక్షరాల్లో ఉంది: శారద చిటికెన వేలు.

తెనాలి

వచ్చి నెలన్నరైంది. ఎనిమిది తీగల మాండలిన్ ఒకటి తెప్పించుకున్నాను. కచేరీలు చెయ్యను, చెయ్యలేను, ఆ దిగులు పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. కానీ రోజూ వాయిస్తున్నాను. ఇద్దరు పిల్లలు తిరిగొచ్చారు. పక్కన కూర్చుని కలపమంటే మొదట బెదిరిపోయారు, ఇప్పుడు నాకంటే ముందే అందుకుంటున్నారు. సత్తెమ్మకీ యాదగిరి అన్నకీ నేను చెప్పుకోవాల్సిన కృతజ్ఞత ఈ కాగితాల్లో పట్టదు, ఎదురుగా చెబితే వాళ్ళు వినరు.

పోయిన ఆదివారం జాన్సన్ ఫోనులో రికార్డు పంపాడు. గిర్ని మోత వినిపిస్తోంది, పైన అందరూ శారద చిటికెన వేలు వాయిస్తున్నారు. నేను లేను అక్కడ. నన్నెప్పుడూ చూడని మనుషులు కూడా ఇద్దరు ముగ్గురు కొత్తగా చేరారట. రి అంతా తప్పు. అందరూ ఒక్కటిగా, హాయిగా, మహా ధీమాగా తప్పు. వెంటనే ఫోను చేసి, అన్నా, రి కిందికి ఉండాలి, ఎన్నిసార్లు చెప్పాను అని కేకలేశాను.

"మాకు గదే వస్తది చెల్లె," అన్నాడు యాదగిరి అన్న.

పిల్లలకు పాఠం సరిగ్గానే చెబుతున్నాను. రి ఉండాల్సిన చోటే ఉంచి, తప్పితే తిడుతున్నాను కూడా. వాళ్ళు ఇళ్ళకు వెళ్ళిపోయాక తలుపు వేసుకుని, నా పాట నేను వాయించుకునేటప్పుడు మాత్రం రిని నాచారంలో ఎంత పైకి పట్టుకుపోయారో అంత పైనే వాయిస్తున్నాను.